మూకీని పరుగెత్తించకండి

సంపాదకులకు,

గత నెల మన నగరంలోని ఒక సభామందిరంలో 'కాళీయ మర్దన్' చూశాను. దాదాసాహెబ్ ఫాల్కే 1919లో తీసిన మూకీ, అంటే మాటలు వినిపించని సినిమా అది. హాలు నిండింది. వచ్చినవారిలో ఎక్కువమంది కాలేజీ పిల్లలే కావడంతో ఎంతో సంతోషించాను.

పది నిమిషాలు గడిచాయో లేదో, నవ్వులు మొదలయ్యాయి. వెన్న దొంగిలించే కృష్ణుడి అల్లరికి నవ్వితే బాగుండేది. గోకులంలోని జనం కీ ఇచ్చిన బొమ్మల్లా గబగబా నడుస్తున్నారని నవ్వారు. యమున ఒడ్డున యశోద బిడ్డ కోసం విలపిస్తుంటే కూడా నవ్వారు. నాకు కడుపు తరుక్కుపోయింది.

అలాగని ఆ పిల్లలను తప్పుపట్టను. వాళ్లకు చూపించిన తీరే తప్పు. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు 16 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, పడేవి. టాకీలు వచ్చాక ఆ లెక్క 24 దగ్గర స్థిరపడింది. పాత చిత్రాన్ని ఈ వేగంతో ఆడిస్తే గంట సినిమా నలభై నిమిషాల్లో అయిపోతుంది, ఏడుపు కూడా గెంతులా కనిపిస్తుంది. దానికితోడు నిర్వాహకులు మొదటినుంచి చివరిదాకా ఏదో ఎలక్ట్రానిక్ సంగీతం పెట్టి వదిలేశారు. వెన్నకుండకూ కాళీయుడి పడగకూ ఒకటే మోత! మూకీలంటే నిశ్శబ్దంలో ఆడినవి కావు. తెర పక్కన హార్మోనియం, తబలా మోగేవి. తెర మీద అక్షరాల్లో వచ్చే టైటిల్ కార్డులు చదవలేనివారికి ఒకరు నిలబడి కథ చెప్పేవారు. హరికథలూ తోలుబొమ్మలాటలూ ఎరిగిన మనకు ఇది ఎవరో నేర్పవలసిన విద్యా?

నవ్వులు మొదలవకముందు హాలంతా ఊపిరి బిగబట్టిన ఘట్టం ఒకటుంది. ఫాల్కే కూతురు మందాకిని, ఏడేళ్ల పిల్ల, కెమెరా వైపు తిరిగి ఒకదాని వెంట ఒకటిగా హావభావాలు పలికిస్తుంది. చూస్తుండగానే ఆ ముఖం కృష్ణుడిగా మారుతుంది. అక్కడ నడకలు లేవు, పరుగులు లేవు. అందుకే ఆ వేగం కూడా దాన్ని చెడగొట్టలేకపోయింది. తర్వాత నీటి అడుగున పోరాటం వచ్చినప్పుడు, పాము బొమ్మేనని తెలుస్తున్నా, నా ముందు వరుసలోని ఒక పాప తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నూరేళ్లు దాటిన మాయ ఆ పిల్ల మీద ఇంకా పనిచేసింది.

మన ఊళ్లోనూ మూకీలు తీశారు. 1922లో బెంగాలీ దర్శకుడు ధీరేన్ గంగూలీ ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టారు. 'రజియా బేగం' ప్రదర్శన నిజాం ఆగ్రహానికి కారణమవడంతో 1924లో ఊరు విడవాల్సి వచ్చింది. ఆ చిత్రాలేవీ ఈనాడు మనకు చూసే భాగ్యం లేదు. రఘుపతి వెంకయ్య గారి 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా అంతే. అన్ని పోగా చేతికి దక్కిన కొన్నింటినైనా ఇలా పాడుచేసి చూపించడం అన్యాయం.

భాషా సాంస్కృతిక శాఖకూ ఫిల్మ్ క్లబ్బులకూ నా విన్నపం ఒక్కటే. ఇప్పుడు ఆడించేవి డిజిటల్ ప్రతులే కనుక వేగం సరిచేయడం పెద్ద ఖర్చేమీ కాదు. రవీంద్రభారతిలో ఒక సాయంత్రం సరైన వేగంతో ఈ సినిమా వేయండి. పక్కన హార్మోనియం, తబలా, కథ చెప్పడానికి ఒక హరిదాసు ఉంటే చాలు. మా వీధి పిల్లలను నేనే వెంటబెట్టుకొస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లకుంట, హైదరాబాద్