కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఆశయాలు సభ్యులకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. గత సర్వసభ్య సమావేశం తీర్మానం ప్రకారం ఈ ఏడాది కార్యక్రమాలన్నీ పుస్తకాలకు బొమ్మలు వేసేవారు, వర్ణచిత్రకారులు, మట్టితోనూ పింగాణీతోనూ పనిచేసేవారు అనే మూడు రకాల సమకాలీన కళాకారులను వెతికి సభ్యులకు పరిచయం చేయడానికే కేటాయించాము. రాజమండ్రి చిత్రకారులు దామెర్ల రామారావు గారు కన్నుమూసి 2025కు నూరేళ్లు నిండాయి. ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు వెళ్లి దండ వేసి రావడంతో సరిపెట్టుకోకుండా, ముప్పై ఏళ్లయినా నిండకుండా వెళ్లిపోయిన ఆయన వయసులో ఉన్న నేటి కళాకారులు ఏం చేస్తున్నారో చూడాలని ఆనాటి చర్చలో పెద్దలు అన్న మాటను కార్యవర్గం ఆదేశంగానే స్వీకరించింది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న కూల్డ్రే దొర కుర్రవాడైన రామారావు గారి చేతిలోని పనితనాన్ని పసిగట్టి ఉండకపోతే రాజమండ్రికి ఆ చిత్రశాల దక్కేదా అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే.

కథలకు బొమ్మలు వేసిన బాపు, చంద్ర, మోహన్ గార్ల పేర్లు చెబితే మన సభల్లో తలలు ఊగుతాయి గాని, ఈ పదేళ్లలో వచ్చినవారి పేర్లు నాలుగు చెప్పమంటే ఎవరూ నోరు మెదపరు. ఇందులో తప్పంతా మనదే అనలేము. వారపత్రిక ఇంటికి వచ్చినన్నాళ్లూ కథ పక్కన బొమ్మ, బొమ్మ మూల సంతకం వాటంతట అవే కంటబడేవి. 2020 మొదలుకొని చాలా పత్రికల అచ్చు ఆగిపోవడంతో ఆ దారి ఇరుకైపోయింది. ఇప్పుడు వీరి పని ఎక్కువగా పిల్లల పుస్తకాల్లోనూ, అట్టల మీదా, ఫోన్లలోనూ కనిపిస్తోంది. అందుచేత మన గ్రంథాలయ ఉపసంఘం వారు, ప్రథమ్ బుక్స్ 2015లో ఆరంభించిన స్టోరీవీవర్ అనే పిల్లల పుస్తకాల వెబ్‌సైటులోని తెలుగు పుస్తకాలను, సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ సంస్థ వారి ప్రచురణలను ముందు వేసుకుని, కథ కంటే ముందు చిత్రకారుల పేరున్న పుటను చూస్తూ ఒక జాబితా తయారు చేశారు. ఆ జాబితాలోంచి పిలిచిన ఒక యువ చిత్రకారిణి టాబ్లెట్ మీద మేకపిల్ల బొమ్మ వేసి చూపినప్పుడు, వరుసలో ముందు కూర్చున్న పెద్దలొకరు గీసేది మీరా, యంత్రమా అని అడిగారు. ఆమె నొచ్చుకోకుండా అదే మేకపిల్లను ఇండియన్ ఇంకుతో, పాళీతో కాగితం మీద మళ్లీ వేసి, గీత ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ తేలిపోవాలో నిర్ణయించేది మణికట్టేనని చూపించారు. తరువాత ఆ పెద్దలే ఆ కాగితం కొనుక్కున్నారు.

వర్ణచిత్రాల కోసం సభ్యుల బృందాన్ని హైదరాబాదు తీసుకువెళ్లి మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ చూపించాము. వెళ్లేముందు చిత్రకారులు లక్ష్మా గౌడ్ గారి మీద ఒక సాయంకాలం ప్రసంగం ఏర్పాటు చేయడానికి కారణం ఉంది. 1940లో మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులోనూ, తరువాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి దగ్గరా చదువుకున్న ఆయన ఎచింగులతో (లోహపు రేకు మీద గీతలు ఆమ్లంతో తొలిచి కాగితం మీద తీసే అచ్చులతో) పేరు తెచ్చుకుని అక్కడే ఆగిపోలేదు. రంగులూ పట్టారు, మట్టినీ పట్టారు. గీసే చేయి, పూసే చేయి, మలిచే చేయి వేరువేరు కానక్కరలేదని తెలియడానికి అంతకన్న మంచి ఉదాహరణ మన భాషా ప్రాంతంలో వెతకనవసరం లేదు, మూడు రకాల వారినీ ఒకే ఏడాది ఎందుకు కలిపారన్న ప్రశ్నకు మా సమాధానమూ అదే. స్థానికంగా చూస్తే, ధవళేశ్వరంలో అద్దె ఇంట్లో ఉంటూ ఇసుక ర్యాంపులను, లారీల వరుసలను ఆక్రిలిక్ రంగుల్లో పెద్ద కాన్వాసుల మీద వేస్తున్న ఒక యువకుడిని సభ్యులు చూసి వచ్చారు. గోదావరి అనగానే తెరచాప పడవ, సూర్యాస్తమయం ఆశించి వెళ్లినవారు కొందరు కాస్త నిరాశ పడ్డారు. నా మటుకు నాకు అది ఈ ఏడాది చూసినవాటిలో నిజాయితీ గల పని.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది రాకూ కాల్పు (మట్టిపాత్రను ఎర్రగా ఉండగానే కొలిమిలోంచి తీసి పొగబెట్టే పద్ధతి) ప్రదర్శన. ద్వారకా తిరుమల పరిసరాల్లో బాల్ క్లే అనే మెత్తని జిగట మట్టి దొరుకుతుందని, పింగాణీ పరిశ్రమ దాన్ని వాడుకుంటుందని మన జిల్లాల వారికి తెలుసు గాని, ఆ మట్టితో కళాకృతులు చేసేవారు ఉన్నారని తెలిసినవారు తక్కువ. రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో పుదుచ్చేరిలో నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో ఎందరో భారతీయులు పని నేర్చుకున్నారు. 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో మొదటి ఇండియన్ సిరామిక్స్ ట్రియెనాలే అనే మట్టి, పింగాణీ కళాకృతుల ప్రదర్శన జరిగింది. మన ఊళ్లో మాత్రం కొలిమి మూత తీయగా చూసినవారు లేరు. ఆహ్వానం మన్నించి వచ్చిన సిరామిక్ కళాకారిణి గ్యాసు కొలిమి, రేకు డ్రమ్ము, రంపపు పొట్టు బస్తాలతో ఉదయమే సిద్ధమయ్యారు. ఒకసారి కాల్చి, గ్లేజు (కాలినప్పుడు గాజులా మారే పూత) పూసి తెచ్చిన గిన్నెలు సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో నిప్పుకణికల్లా ఎర్రబడగానే పొడవాటి పటకారుతో పైకి తీసి, పొట్టులో దింపి మూత వేశారు. గాలి తగిలిన ఆ కొద్ది క్షణాల్లోనే గ్లేజు చిటచిటమని చిట్లడం వెనక వరుస వారికీ వినిపించింది. పొగ ఆ పగుళ్లలోకి దిగి నల్లని గీతలైంది. గ్లేజు తగలని మట్టి బొగ్గులా మారింది. రాకూ పదహారవ శతాబ్దపు జపాన్ తేనీటి గిన్నెలతో పుట్టినదైనా, ఇలా పొట్టులో పొగబెట్టడం 1960 ప్రాంతాల్లో అమెరికా కుమ్మరులు చేర్చిన పద్ధతి అని ఆమె వివరించారు. ఇందులో చేపల పులుసు వండవచ్చునా అన్న ప్రశ్న ఊహించినట్టే వచ్చింది. నీరు పీల్చుకునే మట్టి కనుక వండటానికి పనికిరాదు, చూసుకోవడానికే అని సమాధానం.

ఈ ప్రదర్శనకు ముందుగా అనుకున్న సభాభవనం అనుమతిని సంబంధిత కార్యాలయం రెండు రోజుల ముందు రద్దు చేసింది. కారణం కాగితం మీద ఇవ్వమని అడిగితే ఫైలు సంతకానికి వెళ్లిందన్నారు; ఈ నివేదిక రాసే నాటికీ అది తిరిగి రాలేదు. తన కల్యాణ మండపం పెరడు ఉచితంగా ఇచ్చిన దాతకు, నీళ్ల బకెట్లతో నిలబడిన మహిళా సభ్యులకు, సిలిండర్లు మోసిన కళాశాల విద్యార్థులకు, భోజనాలు పంపిన ఉపాధ్యక్షుల కుటుంబానికి సంఘం రుణపడి ఉంటుంది. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తి, సామాను దించే వేళకు కనిపించకుండా పోయిన స్వచ్ఛంద సేవకుల పేర్లు చదవవద్దని అధ్యక్షులు కోరినందున చదవడం లేదు. ఫొటోల సమయానికి మాత్రం వారందరూ హాజరయ్యారు.

జమాఖర్చుల పట్టికను ఆడిటరు సరిచూశారు, కోశాధికారి వద్ద ప్రతులున్నాయి. చందా బకాయిలు వసూలైతే లోటు పూడుతుందన్నదే అందులోని ముఖ్యాంశం. కళాకారుల పనులు అమ్మిన సొమ్ములో సంఘం కమీషను తీసుకోలేదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు సభ ముందుంచుతోంది. మొదటిది పుదుచ్చేరి యాత్ర. రానుపోను ఖర్చు సభ్యులే భరించాలి. రెండవది, ప్రతి పరిచయ కార్యక్రమంలో ఒక కృతిని సంఘం తన నిధితో కొని భద్రపరచడం. కార్యక్రమానికి వచ్చి మెచ్చుకుని వెళ్లడం వల్ల కళాకారుడికి కాన్వాసు ఖర్చు కూడా రాదు కనుక, రెండవ ప్రతిపాదనకే కార్యదర్శిగా నా మద్దతు. కళాకారుల ఎంపిక ఉపసంఘంలో రెండు ఖాళీలున్నాయి. ఆదివారాలు వదులుకోగలిగినవారు సమావేశం ముగిసేలోగా పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి