కుర్చీల లెక్క, మన బస్సు లిస్టు

తల్లిదండ్రులకు నమస్కారం.

ముందు క్షమాపణతో మొదలుపెట్టాలి. ఆగస్టులో ఒక సాయంత్రం బుక్కరాయసముద్రం బస్సు పంక్చరై నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆ బస్సు పిల్లల ఇళ్లకు చెప్పమని ఆఫీసులో ఫోన్లు చేయించాను. కాసేపటికే తిరుగు ఫోన్లు మొదలయ్యాయి. "మా పాప ఇంట్లోనే ఉంది సార్, ఏ బస్సు?" అని ఒకరు, "మావాడిది రాప్తాడు బస్సు కదా" అని ఇంకొకరు. నిజంగా ఎదురుచూస్తున్న ఇళ్లకు మాత్రం చాలావాటికి ఫోనే పోలేదు. ఒక తల్లి కంగారుపడి ఆటో మాట్లాడుకుని స్కూలు గేటు దాకా వచ్చేశారు.

జరిగింది చెప్తాను. బస్సు లిస్టు ఎక్సెల్‌లో ఉండేది. ఆ రోజు పొద్దున, పేర్లు అక్షరక్రమంలో ఉంటే వెతకడం సులభం కదా అని నేనే కూర్చుని పేర్ల కాలమ్ ఒక్కటి సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాను. పక్క కాలమ్‌లను కూడా కలిపి కదపాలా అని కంప్యూటర్ అడిగింది. చదవకుండా వద్దని నొక్కేశాను. పేర్లు కదిలాయి, ఫోన్ నంబర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఎవరి పిల్ల పక్కన ఎవరి నంబరో! తప్పు ఆఫీసు మేడమ్‌ది కాదు, నాది.

పెద్ద పెద్దవాళ్లకే ఈ తిప్పలు తప్పలేదని ఆ తర్వాత చదివి కాస్త ఊరట పడ్డాను. 2020 సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంగ్లండ్‌లో కరోనా పాజిటివ్‌ల వివరాలను పాత రకం ఎక్సెల్ ఫైలులోకి ఎక్కించారు. అందులో ఒక షీటుకు 65,536 వరసలే పడతాయి. మించినవి రాలిపోయి 15,841 కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. మనకు నలభై మంది పిల్లల లిస్టే అంత పని చేసింది.

అప్పటి నుంచి బస్సు లిస్టును డేటాబేస్‌లోకి మార్చాం. చేసింది బయటి కంపెనీ కాదు, మన కంప్యూటర్ సారు, తొమ్మిదో తరగతి పిల్లలు. కోడ్, అంటే కంప్యూటర్‌కు రాసిచ్చే ప్రోగ్రాం, పెద్దగా రాయకుండానే చేశారు. అదెలాగో మీలో చాలామందికి, ముఖ్యంగా అంగడో, మండీయో, వర్క్‌షాపో నడిపేవాళ్లకు పనికొస్తుందని ఈసారి వార్తాలేఖంతా దానికే కేటాయిస్తున్నాను.

డేటాబేస్ అంటే బెదరాల్సిందేమీ లేదు. ఐబీఎం అనే కంప్యూటర్ కంపెనీలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ఒక వ్యాసం రాశారు. సమాచారాన్ని పట్టికలుగా పెట్టుకుందాం, ఒక పట్టికకూ ఇంకో పట్టికకూ ఉమ్మడిగా ఉండే నంబరుతో ముడివేద్దాం అన్నది అందులో ముఖ్యమైన సంగతి. ఈ రోజు బ్యాంకు అయినా, రైలు టికెట్ అయినా చాలావరకు ఆ దారిలోనే నడుస్తున్నాయి. ఒక వరసంటే ఒక మనిషి, లేదా ఒక వస్తువు. సార్ట్ చేస్తే వరస మొత్తం కలిసే కదులుతుంది, పేరొక దిక్కు, నంబరొక దిక్కు పోవు. ఇక ముడివేసే నంబరు మీకు తెలిసిందే. మన ఎనిమిదో తరగతిలో కార్తీక్ రెడ్డిలు ఇద్దరున్నారు. వాళ్లను విడదీసేది అడ్మిషన్ నంబరు.

నా వయసువాళ్లలో కొందరు ఒకప్పుడు ఇన్‌స్టిట్యూట్‌లో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఉంటారు. అక్కడా పట్టికలే, కానీ స్క్రీన్ మీద ఒక ఫారం రావాలంటే చాలాసార్లు వరసలకు వరసలు ప్రోగ్రాం రాయాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పని ఇంటర్నెట్‌లోని సాధనాలు చేసిపెడుతున్నాయి. మన పిల్లలు వాడింది యాప్‌షీట్. 2020లో దాన్ని గూగుల్ కొనుక్కుంది. ఎక్సెల్ లాంటి గూగుల్ షీట్‌లో పట్టికలు తయారుచేసి చూపిస్తే ఫారాలు, లిస్టులు తనే అల్లి ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ నడిపిస్తుంది. చెన్నై కంపెనీ జోహో 2006 నుంచే క్రియేటర్ అని ఇలాంటిదే ఒకటి నడుపుతోంది. మైక్రోసాఫ్ట్‌వాళ్లకు పవర్ యాప్స్ ఉంది. ఏది మంచిదని నన్నడిగితే, మాకు షీట్లు అలవాటు కాబట్టి మేం ఆ దారి పట్టాం, అంతే.

అసలు కష్టం సాధనంలో లేదు. అది నాకు అర్థమైంది బస్సు లిస్టుతో కాదు, కుర్చీలతో.

తొమ్మిదో తరగతిలో ఒక పాప వాళ్ల నాన్నకు టెంట్ హౌస్ ఉంది. కంప్యూటర్ క్లాసు ప్రాజెక్టుకు ఆ అంగడి లెక్కే తీసుకుంది. ఆయన పొడుగు నోటుబుక్కు పట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టింది. పేజీకి ఒక పెళ్లి. షామియానాలు 4, కుర్చీలు 220, గుండిగలు 7, గంగాళాలు 2, బకెట్లు, గరిటెలు, కార్పెట్లు. పక్కన అడ్వాన్సు, మూలన ఎవరో ఒలకబోసిన టీ మరక. ఒకే పార్టీ పేరు ఒకచోట 'మిల్లు ఓబులేసు', ఇంకోచోట 'ఓబులేసు, రైస్ మిల్లు', మరోచోట ఉత్త 'మిల్లాయన'. నాన్నకు ముగ్గురూ ఒకరేనని తెలుసు. కంప్యూటర్‌కు ముగ్గురూ ముగ్గురే. పోనీ ఫోన్ నంబరుతో గుర్తుపడదామంటే, అన్నదమ్ములిద్దరు ఒకే నంబరు ఇచ్చిన పేజీలూ ఉన్నాయి. చివరికి మన అడ్మిషన్ నంబరులాగే ఒక్కో పార్టీకి ఒక్కో నంబరు ఇచ్చింది.

మొదట్లో బుకింగ్ పట్టికలోనే 'వస్తువు 1, వస్తువు 2, వస్తువు 3' అని కాలమ్‌లు పెట్టింది. పద్నాలుగు రకాల సామాను అడిగిన పెళ్లి రాగానే అది చాల్లేదు. అప్పుడు నాలుగు పట్టికలు చేసింది. పార్టీలు, సామాను, బుకింగులు, ఏ బుకింగ్‌లో ఏ వస్తువు ఎన్ని. ఈ నాలుగోది తట్టడానికి వారం పట్టింది. సారు చెప్పేయబోతే నేనే ఆపాను.

అయిపోయిందనుకుని వాళ్ల నాన్నను పిలిపించాం. అంగట్లో కుర్చీలు 300. ఆదివారం పెళ్లికి 220, సోమవారం పొద్దున గృహప్రవేశానికి 120 రాసి చూపించింది. తేదీలు వేరు కదా, యాప్ రెండిటికీ సరేనంది. ఆయన నవ్వేశారు. "ఆదివారం పెండ్లంటే శనివారమే సామాను పోతాది పాపా. సోమవారం మధ్యాన్నం దాకా తిరిగి రాదు. నీ యాప్ ఆ పొద్దు కుర్చీలు యాడ నుంచి తెస్తాది?"

నోటుబుక్కులో ఎక్కడా లేని సంగతి అది. ఆయన తలలో ఉంది. తేదీ అని ఒక కాలమ్ ఉన్నచోట పోయే తేదీ, వచ్చే తేదీ అని రెండు పెట్టాల్సి వచ్చింది. ఒకరి సామాను తిరిగి రాకముందే ఇంకొకరికి పోవాల్సి ఉంటే ఆ రెండు బుకింగులనూ కూడాలి, 300 దాటితే సేవ్ కానివ్వకూడదు అని ఒక ఫార్ములా రాసింది. ఇప్పుడు 120 కొడితే 40 కుర్చీలు తక్కువని ఎర్రగా చూపిస్తోంది. నెట్ అందని గోడౌన్‌లో కూడా ఎంట్రీ వేసుకోవచ్చు, సిగ్నల్ వచ్చాక తనే సర్దుకుంటుంది.

"కోడింగ్ అక్కర్లేకపోతే పైథాన్ ఎందుకు నేర్పిస్తున్నారు?" అని ఒక తండ్రి అడిగారు. పైథాన్ అంటే ప్రోగ్రాంలు రాసే ఒక భాష. పైన చెప్పిన ఆ ఫార్ములా చూస్తే అది కోడింగ్‌కు తమ్ముడే అని తెలుస్తుంది. కోడ్ అస్సలు లేదనే ప్రకటనలను నేను సగమే నమ్ముతాను. పైథాన్ క్లాసులు మామూలుగానే జరుగుతాయి.

మీ అంగడికి ఇలాంటిది పెట్టుకోవాలనుకుంటే మా అనుభవం ఒకటి వినండి. కొన్నేళ్ల కింద ఫీజులకు ఒక సాఫ్ట్‌వేర్ కొన్నాం. చిన్న మార్పు చేయాలన్నా డబ్బు. చివరికి వద్దనుకుని మా పిల్లల వివరాలు మాకు ఇవ్వండంటే పేజీలకు పేజీలు ప్రింట్లు తీసి చేతిలో పెట్టారు! మళ్లీ అంతా టైప్ చేసుకున్నాం. అందుకే ఏ సాధనమైనా మొదలుపెట్టే రోజే, నా డేటా మొత్తాన్ని ఎక్సెల్‌లోకి దించుకోగలనా అని చూడండి. ఆ బటన్ కనబడకపోతే దండం పెట్టి వచ్చేయండి. నెలకు మనిషికింత అని వసూలు చేసేవి చాలా ఉన్నాయి. ఒక్కరికి తక్కువే అనిపిస్తుంది, పనివాళ్లు ఎనిమిది మంది ఉంటే అప్పుడు తెలుస్తుంది. ఇక ఒకే మనిషి రోజుకు పది ఎంట్రీలు రాసే చిన్న కొట్టయితే నోటుబుక్కే నయం, నా మాట వినండి.

స్కూలు సంగతి వేరు. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని 2023 డేటా రక్షణ చట్టంలో రాసుంది. బస్సు యాప్‌లో పిల్లల పేరు, తరగతి, స్టాపు, మీ ఫోన్ నంబరు మాత్రమే పెట్టాం. ఆధార్ లేదు, ఫోటో లేదు. డ్రైవర్‌కు తన బస్సు పిల్లలు మాత్రమే కనిపిస్తారు.

దసరా సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చిన పని ఇదే. ఇంట్లో గానీ, తెలిసినవాళ్ల దగ్గర గానీ ఏదైనా ఒక లెక్కల పుస్తకం చూసి, అందులో ఎన్ని పట్టికలున్నాయో కాగితం మీద గీసుకు రావాలి. కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు. చీనీ తోట కూలీల లెక్కయినా, పాలకేంద్రం కార్డయినా, చీటీల పుస్తకమైనా పర్వాలేదు. ఒక అరగంట పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లడిగే దిక్కుమాలిన ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పండి. బాకీల పేజీ చూపించక్కర్లేదు. పార్టీల పేర్లు, ఫోన్ నంబర్లు స్కూలుకు తేవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాం.

ఈ వార్తాలేఖతో పాటు బస్సు పిల్లలందరికీ ఒక చీటీ పంపుతున్నాం. అందులో అడ్మిషన్ నంబరు, స్టాపు, మీ ఫోన్ నంబరు ఉంటాయి. ఒకసారి చూసి సంతకం పెట్టి సెలవులు అయ్యాక పంపండి. తప్పుంటే ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన సరైనది రాయండి. మార్పులు ఆఫీసు మేడమే ఎక్కిస్తారు, నన్ను దాని దగ్గరికి రానివ్వడం లేదు.

మీ
ప్రధానోపాధ్యాయుడు
అనంతపురం