సంఘం పెట్టాం బుజ్జీ

కావలి
కార్తీకమాసం, వాన తెరిపిచ్చిన ఆదివారం

చి.సౌ. శ్రావణికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఫోన్లోనే చెబుదామనుకున్నా గానీ, నువ్వు ఆఫీసు నుంచి కారు నడుపుతా మాట్లాడతావు. నా మాట సగంలో ఉండగానే "ఇల్లొచ్చేసిందమ్మా, పెట్టేస్తున్నా" అంటావు. అందుకని ఉత్తరం. పిల్లోడు నిద్రపోయాక తీరిగ్గా చదువు.

ఐరిస్ పూలమొక్కలు పెంచేవాళ్ళ సంఘం పెట్టాం. పోయిన ఆదివారం మన ఇంటి వసారాలోనే మొదటి సమావేశం. పదకొండు మంది వచ్చారు, అందులో ఇద్దరు పొరపాటున వచ్చారు. స్టేషన్ దగ్గర జెరాక్స్ షాపులో, పాల కేంద్రం గోడ మీద "ఐరిస్ ప్రియుల సమావేశం, అందరూ ఆహ్వానితులే" అని కాగితం అంటించా. నీకు తెలీదేమో, ఇక్కడ ఐరిస్ అంటే రేషన్ షాపులో వేలిముద్ర పడని ముసలోళ్ళ కళ్ళకు పెట్టే మిషను. వీధి చివర కూరగాయల సుబ్బమ్మ, ఆమెతోపాటు ఇంకో పెద్దాయన ఆధార్ కార్డులు సంచిలో పెట్టుకుని పొద్దున తొమ్మిదికే వచ్చి కూర్చున్నారు. ఏం చెప్పను? కాఫీ ఇచ్చి, కంటిపాపకీ పూలకీ ఒకటే పేరెట్టా వచ్చిందో చెప్పా. గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత పేరు ఐరిస్, కంటిలో రంగుకీ ఆ పేరే, పువ్వులో రంగులకీ ఆ పేరే అని. పెద్దాయన "మా పింఛనీ సంగతి కాదన్నమాట" అని లేచిపోయాడు. సుబ్బమ్మ మాత్రం కూర్చుంది. ఆమె సంగతి మళ్ళీ చెబుతా.

నువ్వు అడిగిన మొదటి ప్రశ్న, "మన ఎండల్లో ఐరిస్ ఎట్టా బతుకుద్దమ్మా" అని. నువ్వు ఫోటోలు పంపుతావే, పై రేకలు గోపురంలా లేచి, కింది రేకలు వాలి, వాటి మీద గడ్డంలా నూగు ఉన్న రకం, అది బతకదు. నీకు చెప్పలేదు గానీ, పెట్టి చూసే చెబుతున్నా. పోయినేడు డిసెంబర్లో చలి ప్రాంతపు నర్సరీ ఒకదాన్నుంచి ఆరు దుంపలు పోస్టులో తెప్పించా. కావలికి పంపుతున్నానని తెలిసీ, ఇవి అక్కడ పూయవమ్మా అని ఆ అమ్మినాయన ఒక్క ముక్క చెప్పలేదు. పసుపు కొమ్ముకి పెద్దన్నలా ఉందొక్కోటి. వేళ్ళు మట్టిలో, దుంప వీపు ఎండకి కనపడేట్టు నాటాలంటారు, అట్టాగే నాటా. విసనకర్ర పరిచినట్టు ఆకులొచ్చాయి. వీధంతా పిలిచి చూపించా. పువ్వు రాలేదు.

వాటికి చలి కావాలి. ఒకరోజు రెండ్రోజులు కాదు, వారాల తరబడి. అప్పుడుగానీ లోపల మొగ్గ కట్టదు. మన పుష్యమాసంలో రాత్రి ఇరవై డిగ్రీలకు దిగితే మీ నాన్న మంకీ క్యాపు వెతుక్కునేవారు. ఆ మొక్కకి అది చలి కిందే లెక్క కాదు. మే ఎండకి మూడు పోయాయి. మిగిలిన మూడూ మొన్న వాయుగుండానికి నాలుగు రోజులు నీళ్ళలో నానాయి. ఆకు పట్టి లాగితే చేతికొచ్చేసింది. కింద దుంప జావలా ఉంది, ఒకటే కంపు. అల్లంలో, పసుపులో దుంపకుళ్ళు గురించి ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని, నా కుండీలో నేనే చూడాల్సొచ్చింది.

అది మా రిజిస్టర్లో మొదటి నమోదు. సంఘం పెట్టిందే దీనికోసం. నాకు తెలిసి ఈ రెండు జిల్లాల్లో నాలాగే డబ్బులు పోసి దుంపలు తెప్పించుకుని, పారేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నవాళ్ళు ఇంకా ఉంటారు. మా తొమ్మిది మందిలోనే ముగ్గురు తేలారు! గూడూరు నిమ్మతోట ఆయనైతే రెండుసార్లు కొన్నాడట. ఒకరి చావుకబురు ఇంకొకరికి ముందే తెలిసుంటే ఆ డబ్బులు మిగిలేవి.

ఇక మన దగ్గర బతికేవి. మన బట్టలుతికే బండ పక్కన అవ్వ నాటిన మచ్చల పువ్వు గుర్తుందా? నారింజ రంగు మీద ఎర్రచుక్కలు. పొద్దున విచ్చుకుంటుంది, సాయంత్రానికి తడిగుడ్డ పిండినట్టు మెలిపడిపోతుంది. కాయ ఎండి పగిలితే నల్లగా మెరిసే గింజలు గుత్తిగా కనపడతాయి. వాటిని తెచ్చి వామనగుంటల్లో పోసేదానివి. నేను బళ్ళో దాన్ని బెలంకాండా అని చెప్పేదాన్ని. 2005లో, డీఎన్‌ఏ చూసిన దాన్నిబట్టి అది ఐరిస్సేనని పేరు మార్చి ఐరిస్ డొమెస్టికా అన్నారు. డొమెస్టికా అంటే ఇంటిది. ఆ సంగతి తెలీక నేను రిటైరయ్యేదాకా పాత పేరే చెప్పా. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు తప్పు రాసి మార్కులు తెచ్చుకున్నారో! 1753లో లిన్నేయస్ అంతటివాడే దాన్ని ఆర్కిడ్ల గుంపులో వేశాడు గనక నా తప్పు చిన్నదేలే అని సర్దుకున్నా.

సమావేశంలో ఆ రకం మొక్కే ఒకటి కుండీతో సహా మధ్యలో పెట్టా. సుబ్బమ్మ లేచొచ్చి ఆకు తడిమి, "ఇదేనా మీ ఐరిసూ? మా దిబ్బ కాడ ఇంత మేర ఉండాది, పీకి పీకి చేతులు పడిపోతన్నాయి" అంది. మర్నాడు పోయి చూశా. ఆమె చెప్పింది నిజం. పేడదిబ్బకీ గోడకీ మధ్య మంచం పట్టేంత మేర దుబ్బు. ఆమెకి సభ్యత్వం ఇచ్చా. రాయడం రాదు గనక ఆమె చెబితే నేను రాస్తా. నీళ్ళు? "పొయ్యను." ఎరువు? "దిబ్బ పక్కనే గదమ్మా." వానకి కుళ్ళిందా? "ఏటవాలుగా ఉండాది, నిలబడవు." మూడు ప్రశ్నల్లో నాకు తేలని విషయం తేలింది. మా బండ దగ్గర పల్లం, నీళ్ళు నిలుస్తాయి. అందుకే మనది పదేళ్ళుగా అంతే ఉంది.

ఇంకో రెండున్నాయి. వాకింగ్ ఐరిస్ అంటారొకదాన్ని, పేరుకి ఐరిస్సే గానీ ఆ కుటుంబంలో వేరే తెగ, బ్రెజిల్ వైపుది. నీడలో బతుకుతుంది, పువ్వు ఒక్కపూటే. పూసిన కాడ చివరే చిన్న మొక్క పుట్టి, బరువుకి వంగి నేల తాకి, అక్కడ వేరేసుకుంటుంది. అట్టా అడుగులేసుకుంటా పోతుంది. ఒంగోలు నుంచి వచ్చిన పాస్టరుగారి భార్య దాన్ని అపొస్తలుల మొక్క అంటుంది. పన్నెండు ఆకులు వస్తేగానీ పూయదని వాళ్ళ నమ్మకం. నేను లెక్కపెట్టలేదు, పెట్టాలని కూడా లేదు.

రెండోది ఆఫ్రికన్ ఐరిస్, డయటీస్. బెంగుళూరులో మీ అన్న ఉండే వీధిలో చూశా, దుమ్ములో పొగలో కూడా తెల్లగా పూస్తా ఉంది. దీని గుట్టొకటి ఉంది. పువ్వు వాడిపోయిందని కాడ కోసేయకూడదు. అదే కాడ మీద మళ్ళీ మళ్ళీ పూస్తుంది. తుమ్మలపెంటలో ఇసకనేల మీద ఇల్లు కట్టుకున్న మా సభ్యుడు ఒకాయన శుభ్రత మనిషి, కాడలన్నీ కత్తెరతో గుండు కొట్టినట్టు కోసి, మొక్క గొడ్డుబోయిందని నర్సరీ వాడిని తిట్టుకుంటా కూర్చున్నాడు.

గ్లాడియోలస్ కూడా ఈ కుటుంబమే, కుంకుమపువ్వూ ఈ కుటుంబమే. అందుకని వాటినీ చేర్చుకోవాలా అని అరగంట వాదన. ఒక కుర్రాడు ఏసీ గదిలో కుంకుమపువ్వు పండిస్తానన్నాడు. పండించుకో నాయనా, కరెంటు బిల్లు కూడా రిజిస్టర్లో రాయి అన్నా.

మీ హూస్టన్ ఐరిస్ సంఘంలాగా పోటీ, జడ్జీలు, రిబ్బన్లు పెట్టమన్నావు. అవి తర్వాత. మీ అమెరికన్ ఐరిస్ సొసైటీ 1920 జనవరిలో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో మొదలైనప్పుడు వాళ్ళ తలనొప్పి కూడా పేర్లే. ఒకే మొక్కని నలుగురు నాలుగు పేర్లతో అమ్మడం. మనకి కడియం నుంచి వచ్చే మొక్కల బండాయన ఆకు కత్తిలా ఉంటే చాలు, లిల్లీ అంటాడు. గట్టిగా అడిగితే "ఇంపోర్టెడ్ లిల్లీ" అంటాడు. ముందు ఎవరి పెరట్లో ఏముందో సరైన పేరుతో తేలాలి.

ఐరిస్సులకిచ్చే పెద్ద పతకం డైక్స్ మెడల్ అని నువ్వే చెప్పావు గదా. ఆ డైక్స్ ఎవరో చదివా. ఇంగ్లండ్‌లో బడిపంతులు! నాకెంత సంతోషమేసిందో. ఆయనకి ముందు కేంబ్రిడ్జ్‌లో శరీరధర్మశాస్త్రం చెప్పిన మైకేల్ ఫోస్టర్ అనే ఆయన ఉన్నాడు. తుర్కీ వైపు పనిచేసే మిషనరీలు దుంపలు తవ్వి ఈయనకి పంపేవాళ్ళట. 1907లో ఫోస్టర్ పోయాక ఆయన రాసుకున్న కాగితాలు డైక్స్‌కి ఉపయోగపడ్డాయి. ఒకరి నోటుబుక్కు ఇంకొకరి చేతికి రావడం, అంతే గదా. మా రిజిస్టరు రెండొందల పేజీలది కొన్నా. ఆశ ఎక్కువే నాకు.

డబ్బుల గొడవ రానే వచ్చింది. ఒకాయన ఏడాదికి వంద అన్నాడు, ఇంకొకాయన ఐదొందలన్నాడు, బ్యానరు, శాలువాలు అన్నాడు. శాలువా మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. సభ్యత్వం ఒక పిలక అని తేల్చేశా. ఈ జాతి మొక్కలకి మూడు నాలుగేళ్ళకోసారి దుబ్బు తవ్వి విడగొట్టకపోతే ఒకదాన్నొకటి తొక్కుకుని పూయడం మానేస్తాయి. అంటే ఎవరికో ఒకరికి ఇవ్వక తప్పదు. వానలు పోయాక, సంక్రాంతి దాటిన మొదటి ఆదివారం అందరం తవ్వి తెచ్చుకుని మార్చుకుంటాం. రిజిస్ట్రేషన్ ఇప్పుడే వద్దన్నా. 2001 సొసైటీల చట్టానికి ఏడుగురుంటే చాలు, మేం అంతకంటే ఎక్కువే ఉన్నాం. కానీ ముందు ఒక ఎండాకాలం దాటనీ. మొక్కలూ, మనుషులూ ఎంతమంది మిగులుతారో చూద్దాం.

ఇప్పుడు అసలు సంగతి. సంక్రాంతికి వచ్చేటప్పుడు లూసియానా ఐరిస్ దుంపలు రెండు చీర మడతల్లో పెట్టి తెస్తానన్నావు. వద్దు తల్లీ. నాకు ఆశ లేక కాదు. నీళ్ళ ఒడ్డున, ఉక్కలో, బురదలో పెరిగే రకమని, న్యూఆర్లీన్స్ ఊరు పెరిగి చిత్తడినేలలు పూడ్చేస్తుంటే అక్కడి జనం వాటిని తవ్వి పెరళ్ళలో కాపాడుకున్నారని చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మన చెరువు కట్టల కోసమే పుట్టినట్టుంది. కానీ 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ఇక్కడ పర్మిట్, అక్కడి నుంచి తెగుళ్ళు లేవని సర్టిఫికెట్ ఉండాలి. విత్తనానికైనా అంతే. దొంగతనంగా వద్దు. మన కాలవల్లో గుర్రపుడెక్క కూడా ఎవరో ఒకప్పుడు పువ్వు బాగుందనే తెచ్చారు. మీ నాన్న ఇరిగేషన్‌లో ఉన్నన్నాళ్ళూ దాన్ని తీయించడమే పనిగా ఉండేది. మీ దేశంలో పసుపు ఐరిస్ ఒకటి అట్టాగే తోటలోంచి వాగుల్లో పడి ఇప్పుడు పీకలేక చస్తున్నారు గదా. పర్మిట్‌కి నేనే రాస్తా. రెండేళ్ళు పట్టనీ.

దానికి బదులు రెండు పనులు చెయ్యి. మీ హూస్టన్ సంఘంలో పెద్దవాళ్ళున్నారన్నావు గదా, వాళ్ళ పక్కన కూర్చుని ఆగస్టులో ఏం చేస్తారో అడిగి రాసుకో. మీ ఎండాకాలం మాకు ఏప్రిల్, మేలకి సరిపోతుంది. అప్పుడు ఆ మొక్కలు సగం నిద్రపోతాయంటారు. నీళ్ళు ఆపుతారా, పోస్తారా, పైన ఏం కప్పుతారు, పైన్ ఆకు కప్పితే దాని బదులు మాకు వేరుశనగ పొట్టు పనికొస్తుందా? తెలుగులోనే రాయి, మా వాళ్ళకి చదివి వినిపించాలి.

రెండోది, నువ్వు చూపించావే, పెన్సిలుతో రాస్తే ఏళ్ళ తరబడి పోని రేకు లేబుళ్ళు, అవి ఓ నలభై పట్టుకురా. ఇక్కడి ప్లాస్టిక్‌వి ఒక్క ఎండాకాలానికే తెల్లబోతున్నాయి. సుబ్బమ్మకి నాలుగు కావాలంట. ఆమె దుబ్బుకి ఒకటి చాలు గదా అంటే, మిగతా మూడు గోడవతల ఉన్నవాటికి, పక్కింటామె తనవంటుందంట.

బండ దగ్గరదాన్ని నువ్వొచ్చాక తవ్వి మిద్దె వైపు మిట్టకి మారుద్దాం. ఒక్కదాన్ని పారతో వంగలేకున్నా. పిల్లోడికి పాత చొక్కా ఒకటి ఎక్కువ పెట్టు, బురదవుతాడు.

ఇట్లు,
మీ అమ్మ