రాత్రి డ్యూటీ సిస్టర్‌కి, ఇంకా కొందరికి

పాప నిన్న ఇంటికొచ్చింది. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళైందో, అటూ ఇటూ రాస్తే సర్దుకోండి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్ల ఎన్‌ఐసీయూలో (అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూ) ఉన్నంతకాలం మా ఇంట్లోవాళ్ళు ఎంత చేశారో చెప్పక్కర్లేదు. థాంక్స్ అంటే తిడతారు కూడా. ఈ పోస్టు ఒక సిస్టర్ కోసం.

అద్దం బయట నిలబడ్డ నన్ను ఆవిడే పిలిచింది. "పాప నాన్నగారూ, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, చొక్కా గుండీలు విప్పి కూర్చోండి."

"నేనా? వాళ్ళమ్మ లేవగలిగాక..." అని నసిగాను.

"అమ్మ ఒళ్ళు వెచ్చగా ఉంటే మీది చల్లగా ఉంటుందా?"

టోపీ, డైపర్ తప్ప ఇంకేమీ లేని పిల్లని నా ఛాతీ మీద నిలువుగా ఆనించింది. తల ఓ పక్కకి తిప్పి, కాళ్ళు కప్పలా మడిచి, మీద గుడ్డ చుట్టింది. "మానిటర్ నేను చూసుకుంటా, మీరు పాపని చూడండి" అంది. వెక్కివెక్కి ఏడ్చేశాను. ఏమీ అనకుండా నా కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది.

మా నాన్న నన్ను దగ్గరికి తీసుకున్న గుర్తు లేదు. ప్రేమ లేక కాదు, ముద్దు చేస్తే పిల్లలు చెడిపోతారని అప్పట్లో గట్టి నమ్మకం. 1928లో జాన్ వాట్సన్ అనే అమెరికా సైకాలజిస్టయితే పిల్లల్ని ముద్దు పెట్టుకోవద్దు, పొద్దున్నే షేక్‌హ్యాండ్ ఇవ్వండి అని పుస్తకమే రాశాడు. (పెద్దమనిషి!) ఇంక్యుబేటర్లు చాలక కొలంబియాలోని బొగోటాలో 1978లో మొదలైన కంగారూ కేర్‌ని (సిస్టర్ నాతో చేయించింది అదే, బిడ్డని ఒంటికి ఆనించి పెట్టుకోవడం) ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫారసు చేస్తోంది. రోజుకి 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు అని 2022లో చెప్పింది.

మరి మా ఆసుపత్రిలో? నాన్న అంటే విజిటర్. సాయంత్రం కాసేపు అద్దంలోంచి చూసి పోవాలి. పిల్లని వెచ్చగా ఉంచే వార్మర్‌కి రోజు లెక్కన బిల్లు వేస్తారు, నాన్న ఛాతీకి వేయలేరు, అందుకేనేమో. ఆ రూల్ పక్కన పెట్టి నన్ను లోపలికి రానిచ్చింది కాబట్టే సిస్టర్ పేరు రాయట్లేదు. మీరు ఇది చదివితే, సిస్టర్, పాప ఇప్పుడూ నా మీదే పడుకుని ఉంది. ఒంటి చేత్తో టైప్ చేస్తున్నా.

అయ్యో, మర్చిపోయా: రాత్రిళ్ళు తన కుర్చీ ఇచ్చిన సెక్యూరిటీ అన్న, ఎవరో తెలియకుండానే వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళిన కుర్రాడు, పక్క బెడ్ బాబు వాళ్ళ అమ్మమ్మ. ఆ, ఫోన్ చార్జర్ ఇచ్చిన ల్యాబ్ అబ్బాయి కూడా. అది ఇంకా నా దగ్గరే ఉంది తమ్ముడూ, చెకప్‌కి వచ్చినప్పుడు తెస్తా.