దయ్యాల ప్రేమకథలను గ్రంథాలయం నుంచి వెళ్ళగొట్టకండి

సంపాదకులకు నమస్కారం.

గ్రంథాలయాల్లో పెరుగుతున్న దయ్యాల ప్రేమకథల గురించి ఇటీవల మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు ఆవేదన వెళ్ళబోసుకున్నారు. మోహినులు, యక్షిణులు, పునర్జన్మ ప్రేమికులు తిరుగాడే చిన్న నవలలను ప్రజల సొమ్ముతో కొనకూడదట. ఉన్నవాటిని కూడా బీరువాల్లోంచి తీసేయాలట. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం కట్టేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ చిన్న నవలలను వరసపెట్టి చదివేవాళ్ళలోనూ ఒకదాన్ని. అందుకే ఈ జవాబు.

మూఢనమ్మకాలు పెరుగుతాయన్నది ఆయన అభ్యంతరం. ఇది కొత్తది కాదు. చేతబడి మీద యండమూరి రాసిన నవల ‘తులసిదళం’ తెలుగునాడును ఊపేసిన రోజుల్లో రంగనాయకమ్మ గారు దాని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆ కోపానికి కారణం ఉంది. చేతబడి చేశారన్న అనుమానంతో ముసలివాళ్ళను కొట్టి చంపిన ఊళ్ళు మనకున్నాయి. చేతబడి పనిచేస్తుందేమో అన్న శంక చదివినవాళ్ళలో మిగిలితే అది కథతో ఆగదు. కానీ ప్రేమకథలోకి వచ్చే దయ్యం పని వేరు. దిగుడుబావి మెట్ల మీద కూర్చుని మాట్లాడే అమ్మాయి నిజంగానే ఉందని నమ్మి ఎవరూ మునిసిపాలిటీకి అర్జీ పెట్టరు. 1947లో మొదలైన చందమామ మన ఇళ్ళలోకి శవంలోని బేతాళుణ్ణి తెచ్చింది. ఆ కథలు విని నిద్రపోయిన పిల్లలు పెద్దయి ఇంజనీర్లయ్యారు, డాక్టర్లయ్యారు, ఒకరిద్దరు హేతువాదులు కూడా అయ్యారు.

నిజంగా మూఢనమ్మకం మీదే బాధ ఉంటే, నవలల బీరువా దాకా పోనక్కర్లేదు. మన దినపత్రికల చిన్న ప్రకటనల పేజీ తిప్పితే చాలు. ‘స్త్రీ పురుష వశీకరణం, ప్రేమ వైఫల్యం, భార్యాభర్తల ఎడబాటు, ఫోనులోనే పరిష్కారం’. కింద నంబరు. నవల అట్ట మీద నవల అని రాసి ఉంటుంది. ఈ ప్రకటన మీద అబద్ధం అని రాసి ఉండదు. 1954 నాటి మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం చూసేది ముఖ్యంగా రోగాలూ శరీర బాధల సంగతి. మనసు మళ్ళిస్తామనేవాడు దాని అంచు దాటి హాయిగా వ్యాపారం చేసుకుంటున్నాడు.

అలాగని ఈ నవలలన్నిటినీ నెత్తిన పెట్టుకోను. వాటిలో చెడ్డవి చాలా ఉన్నాయి. అయితే వాటి చెడ్డ దయ్యంలో లేదు, ప్రేమించే తీరులో ఉంది. కనిపించకుండా అమ్మాయి గదిలో తిరిగే నాయకుడు. ఆమె వద్దంటే ‘పోయిన జన్మలో నువ్వు నాదానివి’ అనేవాడు. ఈ జన్మలో ఆమె చెప్పిన ‘కాదు’ను కొట్టెయ్యడానికి పోయిన జన్మ కంటే తేలికైన సాకు లేదు, దానికి సాక్షులుండరు. ఇప్పుడు అమెరికా నుంచి దిగిన తోడేలు మనుషులు కూడా తోడయ్యారు. గుంపుకు నాయకుడైన తోడేలు ఒక అమ్మాయి వాసన పట్టి ‘ఈమే నా జోడీ’ అంటే ఇక కథ అయిపోయినట్టే, ఆమె ఇష్టంతో పనిలేదు. వద్దన్నా ఆడపిల్ల వెంటపడటం మన దేశంలో 2013 నుంచి ప్రత్యేక నేరం. అప్పటి శిక్షాస్మృతిలో 354డి, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. దయ్యాలకూ తోడేళ్ళకూ ఆ సెక్షన్ వర్తించదని మన రచయితలు న్యాయ సలహా తీసుకున్నట్టున్నారు.

ఈ విషయంలో మన పాతవాళ్ళు వీళ్ళకంటే చాలా జాగ్రత్తగా ఉన్నారు. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు వరూధినిని కాదని వెళ్ళిపోయాక, ఒకప్పుడు ఆమె కాదన్న గంధర్వుడు అదను చూసి ప్రవరుడి రూపంలో వస్తాడు. ఈ కథకు మూలమైన మార్కండేయ పురాణంలో, తనతో ఉన్నంతసేపూ కళ్ళు మూసుకోవాలని ఆమెకు షరతు పెడతాడు. ఇప్పటి నవలల్లో అదే పని చేసినవాడు నాయకుడు. ఆ పాత కథలో మాత్రం అది మోసమే, మాయాప్రవరుడిని చూసి ముచ్చటపడ్డ పాఠకుడు నాకు ఇంతవరకూ తగల్లేదు.

దీనికి ఎదురుగా దమయంతిని నిలబెట్టి చూడండి. స్వయంవరంలో నలుడి రూపంలోనే ఐదుగురు కూర్చున్నారు. అందులో నలుగురు ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు. ఆమె కళ్ళు మూసుకోలేదు, పరీక్షగా చూసింది. మీ గుర్తులు చూపించండని ఆ దేవతలనే వేడుకుంది. వాళ్ళు చూపించారు. చెమట పట్టని ఒళ్ళు, రెప్ప పడని కళ్ళు, వాడని దండలు, నేల తాకని పాదాలు. అసలు నలుడికి నీడ పడుతోంది, చెమటా దుమ్మూ అంటుకుని ఉన్నాయి, మెడలో దండ వాడింది. ఆమె వెళ్ళి ఆ వాడిన దండవాడి మెడలోనే తన దండ వేసింది. మానవాతీతుల ప్రేమకథల్లో ఇంతకంటే మంచి ఘట్టం నేను చదవలేదు. నలుగురు దిక్పాలకులు ఓడిపోయి కూడా వరాలిచ్చి వెళ్ళారు. ఆమె ఎంపికను సహించలేక పగబట్టింది ఆలస్యంగా బయల్దేరిన కలి ఒక్కడే. ఆ కథలో దుర్మార్గుడు అతనే కదా! ఈ లెక్కన మన ఫోను కథల ఆప్‌లలో వచ్చే నాయకుల్లో సగంమంది కలి వర్గంలోకి వస్తారు.

ఊర్వశి సంగతీ అంతే. నా గొర్రెపిల్లలను కాపాడాలి, నువ్వు దిగంబరంగా నా కంటపడకూడదు అని ముందే చెప్పి పురూరవుడి దగ్గరకు వచ్చింది. గంధర్వుల కుట్ర వల్లనే అయినా షరతు తప్పింది, వెళ్ళిపోయింది. ఋగ్వేదం పదో మండలంలో అతను ఎంత బతిమాలినా ఆమె వెనక్కి రాదు. ఆ కథల్లో ఆడవాళ్ళు చేసినవన్నీ బాగున్నాయనీ అనను. ఉష కోసం చిత్రలేఖ ద్వారక నుంచి అనిరుద్ధుణ్ణి నిద్రలోనే ఎత్తుకొచ్చింది, అతన్ని ఎవరూ అడగలేదు. లేచాక అతనేమీ ఫిర్యాదు చెయ్యలేదు గనుక సరిపోయింది.

ఇక మంచి నవలల దగ్గరికి వస్తాను. మన పల్లెల్లో దయ్యమంటే ఎక్కువగా ఆడదే. పురిట్లో పోయినామె, నూతిలో దూకిన కోడలు, పెళ్ళి కాకుండా పోయిన పిల్ల. ఆమె ఎందుకు దూకిందని బతికుండగా అడిగిన నాథుడు లేడు. పోయాక మాత్రం ఆ దారిన రాత్రిపూట వెళ్ళొద్దంటారు. సినిమాల్లోనైతే మంత్రగాడు వచ్చి ఆమెను సీసాలో బిగించి మూత పెడతాడు. మంచి చిన్న నవలలో ఊరికి కొత్తగా వచ్చిన ఒక గుమస్తానో పంతులమ్మో ఆ నూతి గట్టున కూర్చుని, ఏం జరిగిందని అడుగుతారు. అంతే కథ. ఆ ప్రేమ పెళ్ళి దాకా పోదని ఇద్దరికీ తెలుసు, మనకూ తెలుసు. అయినా చివరిదాకా చదువుతాం. నన్నడిగితే గోదావరి లంకలకు, తెలంగాణ గడీలకు, రాయలసీమ దిగుడుబావులకు ఇలాంటి కథలు అచ్చంగా నప్పుతాయి. లండన్ మంచులో రక్తపిశాచి పక్కన తెలుగమ్మాయిని నిలబెట్టాల్సిన అవసరం నాకైతే కనపడదు.

ఇలాంటి కథకు ఎనభై, తొంభై పేజీలు చాలు. ఒక ఇల్లు, ఇద్దరు మనుషులు (అందులో ఒకరు మనిషి కాకపోయినా), దయ్యానికి ఒకే ఒక కట్టుబాటు: వెలుతురొస్తే ఉండలేదనో, పేరు పెట్టి పిలిస్తేనే వస్తుందనో. సాగదీస్తే భయం అరిగిపోతుంది. రెండో దయ్యం రావాలి, తర్వాత మంత్రగాడు, ఆ తర్వాత మంత్రగాడి గురువు. ఫోను ఆప్‌లలో జరుగుతున్నది ఇదే. వందల భాగాలు, కొన్ని భాగాలయ్యాక ఆప్ అమ్మే నాణేలు కొంటేగాని తర్వాతి భాగం తలుపు తెరుచుకోదు. ఆ ఆత్మకు ముక్తి ఇద్దామని రచయితకున్నా, భాగాల లెక్క చూసుకునేవాళ్ళు ఇవ్వనివ్వరు. రాసేవాళ్ళలో నిజంగా చెయ్యి తిరిగినవాళ్ళున్నారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళ కథలు పుస్తకంగా ముగింపుతో సహా చేతికి రావాలంటే గ్రంథాలయం కొనాలి. కొనొద్దంటున్న ఆ పాఠకుడు తెలియకుండానే ఆప్‌ల వ్యాపారానికి సాయం చేస్తున్నారు.

జిల్లా గ్రంథాలయ సంస్థలకు నా విన్నపం ఇది. పుస్తకాల ఎంపికలో దయ్యం ఉందా లేదా అని చూడకండి. అట్ట మీద పుర్రె బొమ్మ చూసి బెదరకండి. కమిటీలో ఒకరైనా పుస్తకం చివరిదాకా చదివి, కథలో బలమున్న పక్షం బలంలేని పక్షాన్ని ఎలా చూసిందో, అవతలివాళ్ళు ‘వద్దు’ అంటే ఆగిందో లేదో గమనించండి. ఆగని పుస్తకాన్ని ఎంత పేరున్న రచయిత రాసినా కొనకండి, నేను అడ్డురాను.

సంపాదకులుగా మీకు చెప్పాల్సింది కూడా ఒకటుంది. ఆదివారం అనుబంధంలో ఒకప్పటి సీరియల్ జాగా ఇప్పుడు వంటలకూ వాస్తుకూ పోయింది. నాలుగు వారాల్లో ముగిసే చిన్న నవలలకు ఒక పోటీ పెట్టండి, అందులో మానవాతీత ప్రేమకథలకు ఒక విభాగం ఇవ్వండి. బహుమతి డబ్బు ఎక్కడిదంటారా? వశీకరణం ప్రకటనలు ఆపేస్తారని నా ఆశ. ఆపే ముందు ఆఖరి నెల వచ్చిన రాబడి దానికి సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి