గానుగ సున్నం ఆర్డర్లు ఆలస్యం అవుతున్నాయి

గోడలకు పూసే గానుగ సున్నానికి, అంటే రాతి చక్రంతో నూరిన సున్నానికి, అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్న పదకొండు మందికీ ఒక మాట. దీపావళి దాకా ఎవరికీ సరుకు పంపలేను. తప్పు నాదే.

ఎండాకాలంలో ఒక ఇంటికి మేం పూసిన గోడ సాలెగూడులా సన్నగా చిట్లింది. ఇంటాయన ఏమీ అనలేదు. పగులు వెంబడి వేలు పెట్టి చివరిదాకా గీసి చూపించారంతే. సిమెంటు గంటల్లో గట్టిపడుతుంది, సున్నం అలా కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా రాయిగా మారుతుంది, మొదటి రోజుల్లో తడి ఆరిపోకూడదు. తడి గోనెలు వారమైనా కప్పి ఉంచాల్సింది, మరో పనికి తొందరపడి మూడో రోజే తీయించాను. మేస్త్రీ వద్దంటూనే ఉన్నాడు.

మా గానుగ రాతి చక్రం చూసినవారికి గుర్తుండే ఉంటుంది. ఛాతీ ఎత్తు, అంచు ఒకవైపే నున్నగా అరిగింది. తాతగారి కాలంలో గుండ్రటి గాడిలో ఎద్దులు దాన్ని తిప్పేవి. చల్లార్చిన సున్నం, ఇసుక పోసి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు చిలకరిస్తూ, వేళ్ళ మధ్య వెన్నలా జారేదాకా నూరేవారు. 1591 నాటి చార్మినార్‌కు పూసిందీ ఈ జాతి సున్నమే. సిమెంటు వచ్చాక చక్రం పెరట్లో పడింది. నానమ్మ దాని మీద మిరపకాయలు ఎండబెట్టేది, పక్కింటివాళ్ళు గేదెను కట్టేవారు. ఆ మధ్య ఒక రిసార్టువాళ్ళు తోటలో అలంకారానికి మంచి ధరే ఇస్తామన్నారు. నిజం చెప్పాలంటే, అమ్మేద్దామనే అనుకున్నాను.

అమ్మకుండా మోటారు బిగించాను. మొదటిరోజు చక్రం ఎంత జోరుగా తిరిగిందంటే సున్నమంతా గాడి దాటి నా చొక్కా మీద పడింది. గేరు మార్చి, ఎద్దు నడక వేగానికి దించాం. రోజుకు ఒక్క గాడి సరుకే వస్తోంది. నేను ఒప్పుకున్న ఆర్డర్లు దానికి మూడింతలు. అసలు చిక్కు అక్కడే.

ఇకపై నెలకు రెండిళ్ళకు మించి తీసుకోను. కట్టెలు, కూలి పెరిగాయి కనుక కొత్త ఆర్డర్లకు ధర పెరుగుతుంది, పాతవాటికి పెరగదు. అడ్వాన్సు వెనక్కి కావాలంటే ఫోను చేయండి, కారణం అడగను. చిట్లిన గోడను నా ఖర్చుతోనే గీకించి మళ్ళీ పూయిస్తున్నాను. గోనెలు తీసే రోజు ఈసారి మేస్త్రీయే చెబుతాడు.