గోడలకు బొమ్మలేయిస్తున్నారు సరే, మనుషుల గొంతులు ఎవరు దాస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ నగర పేజీలో అడుగున చిన్నగా వేసిన వార్త గురించి ఇది. మన విజయవాడ పేటల్లో తిరుగుతూ పాతకాలపు మనుషుల కబుర్లు ఫోన్లలో రికార్డు చేస్తున్న కాలేజీ పిల్లలు, వారానికి ఒక పూట కూర్చోవడానికి గది ఇమ్మని ఒక శాఖా గ్రంథాలయంలో అడిగితే ‘పై నుంచి అనుమతి రావాలి’ అని తిప్పి పంపేశారట. అదే పేజీలో పైన, ఫ్లైఓవర్ స్తంభాలకు బొమ్మలు వేయించే పనికి రంగుల ఫొటోతో పెద్ద వార్త. రెండూ చదివిన దగ్గర్నుంచి రాయాలనుకుంటూనే ఉన్నాను, ఇవాళ్టికి కుదిరింది.

అసలు ఏ ఊళ్లో గది లేదంటున్నారు? 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఇంకా ఎందరో పెద్దలు కలిసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టింది ఈ బెజవాడలోనే. ఆ తర్వాత 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది, దాని ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అద్దెకున్నవాళ్లు కూడా అద్దె రూపంలో ఆ భారం మోస్తున్నారు. వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చెయ్యవని మీ పత్రికలోనే ఎన్నిసార్లు చదివామో. డబ్బు జనానిది, భవనం జనానిది, మధ్యాహ్నం పూట కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. పిల్లలడిగింది ఒక బల్ల, నాలుగు కుర్చీలు, రికార్డులో చప్పుడు పడకుండా మాట్లాడుతున్నంతసేపు ఆపుకోగలిగే ఫ్యాను. దానికీ ఫైలు కదలాలా?

ఆ పిల్లలు చేస్తున్న పని ఎందుకు అవసరమో అధికారులకు తెలియడం లేదనుకుని, నాకు తెలిసిన ఒక మనిషి సంగతి చెబుతాను. గాంధీనగర్ సినిమా ఆఫీసుల తరఫున మైకు రిక్షాలో తిరుగుతూ కొత్త బొమ్మలకు ప్రచారం చేసే ఆయన ఒకరు మా పేటకు వచ్చేవాడు. రిక్షాకు రెండు వైపులా పోస్టరు అతికించిన చట్రాలు, సీటు కింద బ్యాటరీ, పైన గొట్టం మైకు. ‘నేడే చూడండి, రోజూ నాలుగు ఆటలు’ అని మొదలుపెట్టేవాడు, అది అందరూ అనేదే, కానీ ఆ తర్వాత చెప్పేది ఎదురుగా ఎవరున్నారో చూసి మార్చేవాడు. కుళాయి దగ్గర బిందెలతో ఆడవాళ్లు కనపడితే కంటతడి పెట్టించే సీన్ల గురించి చెప్పేవాడు, మార్కెట్ దగ్గర హమాలీలు ఉంటే ఫైటింగులు, స్కూలు వదిలే వేళైతే కామెడీ. ఎవరింటి ముందైనా శవం ఉంటే మైకు కట్టేసి, రిక్షా దిగి, నడిపించుకుంటూ ఆ ఇల్లు దాటాకే మళ్లీ ఎక్కేవాడు. రంగుకాగితాల కోసం మేం వెంటపడి పరిగెత్తేవాళ్లం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో దండ వేసిన ఫొటో ఉంది, గొంతు మాత్రం లేదు. ఊరంతా విన్న గొంతు ఆయన మనవలు ఒక్కసారి కూడా వినలేదు.

పేరున్నవాళ్ల గొంతులు ఎలాగోలా మిగులుతాయి. 1948లో మన ఊరికి రేడియో స్టేషన్ వచ్చింది కాబట్టి ఉషశ్రీ గారు రామాయణం చెప్పిన గొంతు ఇవాళ్టికీ దొరుకుతోంది, ఎంతోమంది ఇళ్లలో వింటున్నారు. మరి ప్రచారం ఆయన, రైలు గేటు తీసి వేసే ఆయన, కాలవలో పడవలు నడిపినవాళ్లు, కాళేశ్వరరావు మార్కెట్లో బేరాలాడే మామ్మలు, వీళ్ల సంగతి? ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు మీద బండి నడిపే కుర్రాడు సత్యనారాయణపురంలో అక్కడే రైలు వెళ్లేదంటే నమ్మడు. 1988 డిసెంబరు అల్లర్లు పుస్తకాల్లో రాశారు, ఎవరు ఏమయ్యారో రాశారు, కానీ కర్ఫ్యూ రోజుల్లో పసిపిల్లలకు పాలు ఎవరు తెచ్చారో, ఏ ఇంటి గోడ మీదుగా బియ్యం గిన్నెలు చేతులు మారాయో చెప్పగలిగినవాళ్లు డెబ్బై దాటి ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని ఇళ్లలో పెళ్లి ఫొటోలు, పాత క్యాసెట్లు బురదపాలయ్యాయో అందరం చూశాం. మళ్లీ అలాంటిది వచ్చేదాకా ఆగుదామా?

వీడియో తీయొచ్చు కదా అన్నారట గ్రంథాలయంలో ఒకరు. కెమెరా పెడితే మా తరం వాళ్లు చీర సర్దుకుని, జుట్టు దువ్వుకుని, సభలో ఉపన్యాసం ఇచ్చినట్టు మాట్లాడతారు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ‘ఆ రోజుల్లో మీ వీధిలో ఎవరెవరు ఉండేవాళ్లు పిన్నిగారూ’ అని అడిగి చూడండి, కాసేపటికి ఫోను సంగతే మర్చిపోతారు. అప్పుడు వచ్చేదే అసలైన బెజవాడ మాట. టీవీలు చూసి పెరిగిన మన పిల్లల నోట అది ఇప్పటికే పోయింది.

అమెరికాలో స్టోరీకార్ప్స్ అని 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్లో ఒక చిన్న గది పెట్టి మొదలుపెట్టారు. తెలిసినవాళ్లు ఇద్దరు లోపల కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడుకుంటారు, వాళ్లు ఒప్పుకుంటే ఆ రికార్డు ఆ దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరుతుంది. మామూలు మనుషుల మాటలే. మనకు అంత హంగు అక్కర్లేదు, మనకూ పెద్ద స్టేషను ఉంది, గది ఉంది, మనుషులున్నారు, లేనిదల్లా సంతకం పెట్టే చెయ్యి.

ఈ ఊళ్లో ఏ పనైనా ఇంతే. విగ్రహం పెట్టాలంటే రాత్రికి రాత్రి దిమ్మె లేస్తుంది. స్వచ్ఛ సర్వేక్షణ్ బృందం వస్తుందంటే గోడలన్నీ రంగులమయం, వెళ్లిన మర్నాటి నుంచి ఆ బొమ్మల మీదే కిళ్లీ ఉమ్ములు, కోచింగ్ సెంటర్ల పోస్టర్లు. ఒక అధికారికి అంతా చెప్పి ఒప్పించేసరికి బదిలీ అయిపోతాడు, వచ్చినాయనకు మళ్లీ ఓనమాల నుంచి చెప్పాలి. తిరిగి తిరిగి ఆ పిల్లలు విసిగిపోతే, చదువులైపోయి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతే, ఫోన్లలో ఉన్న ఆ రికార్డులు ఫోన్లతోపాటే పోతాయి. ఫోను మార్చినప్పుడు ఏం పోతుందో మనందరికీ తెలుసు.

కాబట్టి జిల్లా గ్రంథాలయ సంస్థ వారిని, కార్పొరేషన్ వారిని అడిగేది ఇదే. ప్రతి శాఖా గ్రంథాలయంలో వారానికి ఒక మధ్యాహ్నం ఈ పనికి కేటాయించండి. మాట్లాడినవాళ్ల పేరు, పేట, తేదీ ఒక రిజిస్టరులో రాయండి, వాళ్ల సంతకంతో అనుమతి తీసుకోండి, ‘నేను పోయాకే వినిపించండి’ అంటే ఆ మాటకు కట్టుబడండి. రికార్డులు రెండు వేర్వేరు చోట్ల దాచండి, యూట్యూబ్‌లో పెట్టేశాం కదా అని వదిలెయ్యకండి. కార్పొరేటర్లు తమ డివిజన్లో ముందుగా ఎవరి దగ్గరకు వెళ్లాలో పేర్లు చెప్పినా చాలా సాయం, వాళ్లకు తెలియని ఇల్లు ఉండదు.

మీ పత్రికకూ ఒక మనవి. ఆ పిల్లలకు అనుమతి వచ్చిందో లేదో వచ్చే ఆదివారం రాయండి, రాకపోతే ఫైలు ఏ బల్ల మీద ఆగిందో రాయండి. ఈలోగా వాళ్లను మా ఇంటికి పంపించండి. ముందు గది ఖాళీగానే ఉంది, ఎన్ని వారాలైనా వాడుకోవచ్చు. మా వీధిలోనే రికార్డు చెయ్యాల్సినవాళ్లు అరడజను మంది ఉన్నారు, అందులో ఇద్దరికి ఆరోగ్యం బాగాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
సత్యనారాయణపురం, విజయవాడ